ఏడాదిన్నర ఆపే ముందు అంబాసిడర్ ఇంజన్‌కు ఏం చేయాలె

అందరికీ నమస్తే. నకిరేకల్ దగ్గర మా బత్తాయి తోటల ఉన్న షెడ్డు ఇది. ఈ తెల్ల బండి మా నాయినది, 1986 అంబాసిడర్, 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. వచ్చే వారం నేను పని మీద దుబాయ్ పోతున్న. మళ్ల వచ్చేసరికి ఏడాదిన్నర అయితది. అప్పటిదాక ఇంజన్ పాడుగాకుండ ఎట్ల ఆపాలెనో ఇయ్యాల చేసుకుంట చూపిస్త.

ముందుగాల ఒక మాట. "వారానికోసారి స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు ఉంచితే చాలు" అని అందరు చెప్తరు. నేను గూడ నమ్మిన. నాయిన పోయినంక ఏడాది మొత్తం ప్రతి ఆదివారం అట్లనే చేసిన. తర్వాత ఒకనాడు ఆయిల్ పోసే మూత తీస్తే లోపలి వైపు మీగడ లెక్క తెల్లగ, జిగటగ అంటుకొని ఉన్నది. నూనెల నీళ్లు కలిసినయ్. సైలెన్సర్ లోపలికెల్లి తుప్పు తిని చిల్లు పడ్డది. ఆ వానకాలం నేను ఇంట్ల లేను, బండి తియ్యలే. వచ్చి, ఇంజన్‌ను చేత్తోని తిప్పే ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పితే కదల్లేదు. పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు పట్టేసినయ్. నాయిన చేతి బండి అట్ల అయ్యిందని శానా రోజులు నిద్ర పట్టలే.

ఎందుకట్ల అయ్యిందో చెప్త. లీటర్ పెట్రోల్ కాలితే దాదాపు లీటర్ నీళ్లు ఆవిరై పుడతయ్. ఇంజన్ బాగ వేడెక్కితేనే అవి బయటికి పోతయ్. అయిదు నిమిషాలల్ల ఆపేస్తే లోపల్నే చల్లబడి మిగుల్తయ్. అందుకే నేను చెప్పేది ఒక్కటే: బండిని సరిగ్గ తయారు చేసి పండవెట్టుండ్రి, తర్వాత లేపకుండ్రి.

మొదటి పని, నడపాలె. పొద్దుగాల సూర్యాపేట రోడ్డు మీద అరగంట తిప్పుకొచ్చిన. వేడి ఉన్నప్పుడే నూనె పల్చగయ్యి మసితో సహా దిగుతది. కింద తొట్టి పెట్టి నట్టు విప్పుతున్న, చెయ్యి కాలుతది, జర పైలం. చూడుండ్రి, కాటుక లెక్క ఎట్ల నల్లగుందో. వాడిన నూనెల యాసిడ్, తేమ కలిసి ఉంటయ్, బేరింగులను నెమ్మదిగ తింటయ్. "వచ్చినంక మారుస్తలే" అనుకోవద్దు, ఆపే ముందే మార్చాలె. ఫిల్టర్ గూడ కొత్తది. 20డబ్ల్యూ50 నూనె పోసి, ఇంజన్ అయిదు నిమిషాలు నడిపితే కొత్త నూనె అన్ని మూలలకు చేరుతది.

ఇప్పుడు పెట్రోల్. ఇయ్యాల బంకుల దొరికే పెట్రోల్‌ల 20 శాతం దాక ఇథనాల్ ఉంటది. అది గాలిల తేమను పీల్చుకుంటది. నీళ్లు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి ట్యాంక్ అడుగుకు దిగి ఇనుమును తుప్పు పట్టిస్తయ్. ఈ బండి రబ్బరు పైపులు, పంపుల ఉండే రబ్బరు పొర పాత పెట్రోల్ కాలానివి. అందుకే రెండు మూడు నెలలకైతే ట్యాంక్ నిండ నింపి వదిలేయొచ్చు గని, ఏడాదికి మించితే మొత్తం తీసేయాలె. బయట, గాలి ఆడే కాడ, ఇనుప డబ్బాల పట్టుండ్రి. చుట్టుపక్కల బీడీ, సిగరెట్ ఉండొద్దు. ఖాళీ ట్యాంక్‌కు తుప్పు పట్టదా అంటే పడ్తది, అందుకే బాగ ఆరనిచ్చి మూత గట్టిగ బిగిస్త. ఆఖరుకు పంపుకు వచ్చే పైపు విప్పి ఇంజన్ స్టార్ట్ చేసిన. పెట్రోల్‌ను గాలితోని కలిపే కార్బురేటర్ గిన్నెల మిగిలింది కాలి, దానంతట అదే ఆగిపోయింది. ఆ గిన్నెల పెట్రోల్ ఉంటే ఎండి బంక అయ్యి జెట్లు, అంటే పెట్రోల్ పోయే సన్న రంధ్రాలు, మూసుకపోతయ్.

రేడియేటర్ గురించి మన నల్లగొండోళ్లకు గట్టిగ చెప్పాలె. మన బోరు నీళ్ల సంగతి అందరికెరుకే, కాగిన గిన్నెకు సున్నం ఎట్ల పడ్తదో చూస్తనే ఉంటం. అదే సున్నం రేడియేటర్ సన్న గొట్టాలల్ల పేరుకుంటది. బోరు నీళ్లు పోయొద్దు, బ్యాటరీల పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి కూలెంట్ సగం సగం కలపాలె. మన దగ్గర మంచు పడదు గని, కూలెంట్ తుప్పును ఆపుతది. ఇంజన్ చల్లారినంకనే మూత తియ్యుండ్రి. రేడియేటర్ కింద ట్యాప్ సరే, ఇంజన్ బ్లాక్ పక్కన ఇంకోటి ఉంటది. తమ్ముడు, కెమెరా జర కిందికి తే. ఇగో, ఇది. దీన్ని శానామంది మర్చిపోతరు, తుప్పు నీళ్లన్ని ఇక్కడనే ఆగుతయ్. పారబోసే కూలెంట్ విషం, తియ్యగుంటది, కుక్కలు, దూడలు నాకకుండ చూసుకోవాలె.

ఇప్పుడు నా ఇంజన్‌ను పట్టేసిన పని, సిలిండర్లు. ప్లగ్గు వైర్లకు ముందుగాల టేపు మీద నంబర్లు రాసిన, దీని ఫైరింగ్ వరుస, అంటే సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి మండే వరుస, 1-3-4-2. ప్లగ్గులకు కరెంట్ పంపే కాయిల్ వైర్ పీకి, గేర్ న్యూట్రల్ల పెట్టి, నాలుగు ప్లగ్గులు విప్పుతున్న. ఒక్కో రంధ్రంల రెండు చెంచాలు, అంటే పది మిల్లీలీటర్ల ఇంజన్ ఆయిల్. బట్ట కప్పి, ముందల బంపర్ రంధ్రంల హ్యాండిల్ పెట్టి నెమ్మదిగ ఆరు తిప్పుళ్లు. విన్నరా, ఇగ ఆ పొడి గీకుడు సప్పుడు లేదు. నూనె గోడలకు పట్టింది. ప్లగ్గులు మళ్ల బిగిస్తున్న. మధ్యల ఎవ్వరు హ్యాండిల్ తిప్పొద్దు, తిప్పితే రింగులు ఆ నూనెను గీకేస్తయ్.

ఎయిర్ ఫిల్టర్ నోరు, సైలెన్సర్ నోరు నూనె తడిపిన బట్టతోని మూసి, పైన ప్లాస్టిక్ కట్టాలె. లేకపోతే తేమతో పాటు ఎలుకలు గూడ దూరుతయ్. వాటికి వైర్ల మీది తొడుగంటే ఇష్టం, అందుకే షెడ్డుల వడ్లు, గడ్డి, తౌడు ఏదీ పెట్టలే.

బ్యాటరీ ఎర్త్ వైర్ ముందు తీసి, తర్వాత రెండోది. ఇంట్ల పెడుతున్న, 12.4 వోల్టులకు దిగితే చార్జ్ పెట్టమని తమ్ముడికి చెప్పిన. క్లచ్ ప్లేట్ అతుక్కపోకుండ పెడల్ తొక్కి కట్టె ఆనించిన. హ్యాండ్ బ్రేక్ వెయ్యలే, చక్రాలకు ఇటుకలు పెట్టిన.

ఆఖరుకు ఈ చీటీ. స్టీరింగ్‌కు కడుతున్న, నేను రాకముందే ఎవరన్న తాళం తిప్పుతరేమోనని. చదువుత వినుండ్రి: "స్టార్ట్ చేయకు. ఫిల్టర్‌ల, సైలెన్సర్‌ల బట్టలున్నయ్. పెట్రోల్ లేదు. ముందు ప్లగ్గులు తీసి, నూనె పోసి, చేత్తోని తిప్పాలె. కాయిల్ వైర్ పెట్టకుండ సెల్ఫ్ కొట్టి, ఆయిల్ ప్రెషర్ వచ్చినంకనే మిగిలినయ్." కింద తారీకు వేసిన. ఇగ కవర్ కప్పుదాం, ఆ కొస పట్టు తమ్ముడు.