సీట్లు పెంచగలం, ఆవుల్ని ఎక్కణ్ణుంచి తెస్తాం?

నమస్కారమండీ. పోయిన నెల చీపురుపల్లి వైపు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. కొడుకు పదో తరగతి పాసయ్యాడు, పశుసంవర్ధక డిప్లొమాలో చేర్పిద్దామని ఆలోచన. ఫీజు అడిగారు, హాస్టల్ అడిగారు, ఉద్యోగం సంగతి అడిగారు. ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట అన్నారు. "గొడ్డుకి సూదేసీడం నేర్పడానికి రెండేళ్లెందుకు బాబూ? మా ఊరి గోపాలమిత్ర కుర్రోడు కొన్ని నెలల్లోనే నేర్చీసుకున్నాడు కదా!"

గోపాలమిత్ర అంటే కొద్దిపాటి శిక్షణతో ఊళ్లో పశువులకి ఎద సూది వేసేవాడు. ఎద సూది అంటే కృత్రిమ గర్భధారణ. అప్పటికప్పుడు ఆయనకి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వీడియో ఆయన కోసం, ఆయనలాగే ఆలోచిస్తున్న తల్లిదండ్రుల కోసం.

నేను పశువైద్యుణ్ణి. విజయనగరం జిల్లాలో ఒక డిప్లొమా కాలేజీలో 12 ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. కోర్సు నడిపే బాధ్యత కూడా కొన్నేళ్లుగా నా మీదే ఉంది.

ముందు ఒక తేడా చెప్పాలి. మన గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడ ఐదున్నరేళ్లు చదివి, అందులోనే ఇంటర్న్‌షిప్ పూర్తి చేసి, పశువైద్య మండలిలో రిజిస్టర్ అయినవాళ్లు డాక్టర్లు. మా దగ్గర చదివేవాళ్లు డాక్టర్లు కారు. డాక్టరు చెప్పినట్టు పని చేసే సహాయకులు. టీకాలు వెయ్యాలి, పుండ్లకు కట్లు కట్టాలి, కోడెలకు విత్తులు నొక్కాలి, ఎదకొచ్చిన ఆవుకి ఎద సూది వెయ్యాలి. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు పశుసంవర్ధక సహాయకుల ఉద్యోగాలు పడ్డాయి కదా, వాటికి ఈ డిప్లొమా చదివినవాళ్లు కూడా అర్హులే. ఆ ఏడాది నుంచి ఈ కోర్సంటే ఊళ్లలో మోజు పెరిగింది.

ఇక రెండేళ్లు ఎందుకన్న మాటకి వస్తాను. ఎద సూది ఒక్కటే తీసుకుందాం.

వీర్యం ఉండే సన్నటి గొట్టాన్ని స్ట్రా అంటాం. అందులో పట్టేది పావు మిల్లీలీటరు. అది ద్రవ నత్రజనిలో, మైనస్ 196 డిగ్రీల చలిలో ఉంటుంది. బయటికి తీశాక 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ఉంచాలి. తర్వాత ఎడమ చేతికి భుజం దాకా గ్లవ్ తొడుక్కుని, ఆవు పేడ వేసే దారిలో చెయ్యి పెట్టి, లోపలున్న పేడ తీసేసి, పేగు గోడ మీంచే కింద ఉన్న గర్భసంచి మెడని వేళ్లతో పట్టుకోవాలి. కుడి చేత్తో గన్‌ని, అంటే స్ట్రా అమర్చిన సన్నటి కడ్డీని, ఈనే దారిలోంచి పోనివ్వాలి. ఆ మెడలో మూడు నాలుగు బిగుతైన మడతలుంటాయి. ఒక్కొక్కటే దాటించి, అవి దాటగానే వీర్యం వదలాలి. ఇందులో ఏదీ కంటికి కనిపించదు. వేళ్లతోనే చూడాలి.

మొదటిసారి చెయ్యి పెట్టిన కుర్రాడికి ఏమీ అంతుపట్టదు. అంతా వెచ్చగా, మెత్తగా, ఒకేలా ఉంటుంది. ఆవు ముక్కుతుంది. పేగు బిగిసి చేతిని పట్టేస్తుంది. రెండు నిమిషాలకే చెయ్యి తిమ్మిరెక్కుతుంది. నా దగ్గర చదివినవాళ్లలో కొందరికి పాతికసార్లకి వేళ్లకి తెలివొచ్చింది, కొందరికి వంద దాటింది. గేదె అయితే ఇంకా కష్టం. దాని గర్భసంచి మెడ దారి ఇరుకు, వంకర. పైగా మూగ ఎద. ఎదకొచ్చిందో లేదో గేదె చెప్పదు, మనమే కనిపెట్టాలి.

ఇప్పుడు లెక్క వేద్దాం. మా బ్యాచ్‌లో 30 మంది. ఒక్కొక్కరు 50 సార్లు చెయ్యి పెట్టి చూడాలనుకుంటే మొత్తం 1500 సార్లు. మా పాకలో ఈ పనికి వాడగల ఆవులు 8. చూడి ఆవుల్ని కొత్త చేతికి ఇవ్వం, పొరపాటున గట్టిగా నొక్కితే చూడి పోవచ్చు. ఒక ఆవుని ఒక రోజు ఇద్దరు విద్యార్థులే ముట్టుకోవాలి, మళ్లీ వారం దాకా దాన్ని వదిలెయ్యాలి. ఇది మా నియమం. అంటే వారానికి 16 సార్లు. 1500ని 16తో భాగించండి, 94 వారాలొస్తుంది. రెండేళ్లకి ఉండేవి 104 వారాలు. వేసవి సెలవులు తీసెయ్యండి, పరీక్షలు తీసెయ్యండి, సంక్రాంతి, పైడితల్లమ్మ సిరిమానోత్సవం తీసెయ్యండి. అయ్యా, కొన్ని నెలలు చాలవా అని మీరడిగారు. నాకు రెండేళ్లే చాలడం లేదు. ఎద సూది తప్ప వేరే పనేదీ నేర్పకపోయినా చాలడం లేదు.

ఆ ఇద్దరే అన్న నియమం ముందు నుంచీ ఉన్నది కాదు. అది నేను చేసిన తప్పు వల్ల వచ్చింది. చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

కొన్నేళ్ల కిందట గజపతినగరం దగ్గర ఒక ఊళ్లో గర్భకోశ చికిత్సా శిబిరం పెట్టాం. ఒక ముసలమ్మ తనకున్న ఒక్క ఆవునీ తోలుకొచ్చింది. మూడుసార్లు సూది వేయించినా చూడి నిలవడం లేదట. పిల్లలకి ప్రాక్టికల్ పరీక్షలు దగ్గర పడుతున్నాయి, చెయ్యి తిరిగినవాళ్లు తక్కువ, నాకేమో టెన్షన్. ఆవుని బోనులో కట్టించి ఏడుగురి చేత వరసగా చెయ్యి పెట్టించాను. ఏడోవాడు చెయ్యి బయటికి తీసేసరికి గ్లవ్‌కి నెత్తురు. ఆవు వీపు వంచుకుని ముక్కుతూనే ఉంది. ముసలమ్మ కేకలెయ్యలేదు, తిట్టలేదు. ఆవు మెడ మీద చెయ్యేసి, "పిల్లలు నేర్సుకోవాల బాబూ, కాదన్ను. ఇయ్యాల ఇది పాలివ్వకపోతే నాకెవులిస్తారు?" అని అడిగింది.

నా దగ్గర సమాధానం లేదు. మందులిచ్చాను, పాల డబ్బులిచ్చాను. నాలుగు రోజులు వరసగా వెళ్లి చూశాను. ఆవు తేరుకుంది. కానీ ఆ ఊరు రెండేళ్లపాటు మా కాలేజీ బస్సుని రానివ్వలేదు. రానివ్వకపోవడమే న్యాయం.

ఆ తర్వాత మేం పెట్టె పద్ధతి మొదలుపెట్టాం. కబేళా నుంచి గేదె గర్భసంచుల్ని ఐసుపెట్టెలో తెప్పిస్తాం. ఒక చెక్కపెట్టెలో ఉన్నచోట ఉన్నట్టుగా అమర్చి, పైన గోనెసంచి కప్పుతాం. చూడకుండా చేతులు మాత్రమే లోపల పెట్టి గన్ దాటించాలి. వరసగా పదిసార్లు దాటించినవాళ్లకే బతికున్న ఆవు దగ్గరికి అనుమతి. ఫార్మలిన్‌లో నిలవ ఉంచినవి వాడొచ్చు కదా అంటారు. వాడి చూశాం. గట్టిపడి రబ్బరులా అయిపోతాయి, చేతికి తప్పుడు పాఠం నేర్పుతాయి. తాజావే కావాలి, అవేమో రెండు రోజులకి పాడవుతాయి. వారం వారం తెప్పించడానికి డబ్బు కావాలి. కాలేజీల్లో గోడలకి రంగు వెయ్యడానికి తొందరగా దొరికే డబ్బు, దీనికి దొరకదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

టీకాల పని మాత్రం ఇలా కాదు. అక్కడ పశువుల కొరత లేదు. గాలికుంటు నివారణకి 2019 సెప్టెంబరులో దేశమంతటికీ ఒక కార్యక్రమం మొదలైంది. ఆరు నెలలకోసారి ఊరూరా ఆవులకి, గేదెలకి టీకాలు వేస్తారు. తొలకరికి ముందు గొంతువాపు టీకాలు, గొర్రెలకి చిటుకు రోగం టీకాలు ఉండనే ఉంటాయి. పశుసంవర్ధక శాఖవాళ్లతో మాట్లాడి మా పిల్లల్ని పంపుతాం. పొద్దున్న ఆరింటికల్లా ఊళ్లో ఉండాలి, పొద్దెక్కితే పశువులు మేతకి పోతాయి. ఐసుపెట్టెలో 2 నుంచి 8 డిగ్రీల మధ్య మందు నిలబెట్టాలి. వారం తిరిగేసరికి సిరంజి పట్టుకోవడం, ముకుతాడు పట్టి పశువుని ఆపడం, ఇంటివాళ్లతో మాట్లాడటం అన్నీ వచ్చేస్తాయి. సీతంపేట కొండల నుంచి వచ్చిన ఒక సవర కుర్రాడు మేకని మోకాళ్ల మధ్య పట్టే పద్ధతి మా ల్యాబ్ అసిస్టెంట్‌కే నేర్పాడు.

ఒక్క టీకా మాత్రం పిల్లల చేతికివ్వం. 4 నుంచి 8 నెలల వయసున్న పెయ్యదూడలకి ఈసుకుపోయే జబ్బు, అంటే చూడి జారిపోయే జబ్బు, రాకుండా బ్రూసెల్లా టీకా వేస్తారు. అందులో ఉండేవి బతికున్న సూక్ష్మజీవులు. సూది జారి మన వేలికి గుచ్చుకుంటే ఆ జబ్బు మనకే రావచ్చు. అది మేమే వేస్తాం, పిల్లలు దూడని పట్టుకుంటారు.

భద్రత గురించి తల్లిదండ్రులు అడగరు. తన్నడం, పొడవడం గురించి అందరికీ తెలుసు. నాకు భయం రేబిస్ అంటే. పిచ్చికుక్క కరిచిన ఆవు మేత మింగలేదు, నోటి వెంట చొంగ కారుతుంది. రైతు "గొంతులో ఏదో అడ్డుపడింది" అంటాడు. కొత్త కుర్రాడు ఉత్సాహం కొద్దీ ఉత్తచేతిని నోట్లో పెట్టేస్తాడు. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు. జబ్బు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. అందుకే కోర్సులో చేరిన మొదటి నెలలోనే అందరికీ ముందస్తు రేబిస్ టీకాలు మొదలుపెట్టిస్తాం. 0వ రోజు, 7వ రోజు, మళ్లీ 28వ రోజు. మూడూ పడేదాకా ఏ కుక్కనీ, ఏ జబ్బు పశువునీ ముట్టుకోనివ్వం. జులై 6న, పశువుల నుంచి మనుషులకొచ్చే జబ్బుల దినం (జూనోసిస్ డే) అని, కుక్కలకి ఉచిత టీకాల శిబిరాలు పెడుతుంటారు. పిల్లలు వెళతామని గోల చేస్తారు, మూడు డోసులూ పడనివాళ్లని దూరంగా నిలబెట్టేస్తాం.

ఉపాధ్యాయుల సంగతి క్లుప్తంగా చెబుతాను. మంచి పశువైద్యులు వస్తారు, ప్రభుత్వ నోటిఫికేషన్ పడగానే వెళ్లిపోతారు. వాళ్లని తప్పుపట్టను, మా జీతంతో ఇల్లు గడవదు. సెమిస్టర్ మధ్యలో వెళ్లిపోతే ఆ బ్యాచ్ నష్టపోతుంది, అంతే.

ఆడపిల్లలు ఇప్పుడు బాగా చేరుతున్నారు. ఊళ్లోకి వెళితే "ఈ పాప గొడ్డుని పట్టగలదా?" అంటారు. పట్టగలదు. పైగా చెయ్యి సన్నగా ఉంటే తొలిచూలు పెయ్యలకి అంత సుఖం. వాళ్లకి అసలు ఇబ్బంది పశువుతో కాదు. తెల్లవారుజామున శిబిరానికి తీసుకెళితే మధ్యాహ్నం దాకా బాత్రూమ్ ఉండదు. ఇప్పుడు శిబిరం పెట్టే ముందు ఆ ఊరి బడివాళ్లతో మాట్లాడి తాళం తీయించుకుంటున్నాం. ముందే చెయ్యాల్సిన పని అది.

ఇక అన్నిటికన్నా నన్ను నిద్ర పోనివ్వనిది వేరే ఉంది. మా పిల్లలు చదువు ముగించి బయటికి వెళ్లిన మర్నాటి నుంచి ఊరంతా వాళ్లని "డాక్టరు బాబూ" అని పిలుస్తుంది. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం, 30వ సెక్షన్, డిప్లొమా ఉన్నవాళ్లు రిజిస్టర్ అయిన పశువైద్యుడి పర్యవేక్షణలో చిన్న చిన్న సేవలే చెయ్యొచ్చని చెబుతుంది. టీకా, విత్తులు నొక్కడం, పుండుకి కట్టు లాంటివి. కానీ అర్ధరాత్రి గేదె పడుకుని లేవకపోతే, డాక్టరు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటే, రైతు చేతులు పట్టుకుంటే ఏం చేస్తారు? బ్యాగులో ఉన్న యాంటీబయాటిక్ తీసి సగం డోసు వేసేస్తారు. పొదుగువాపుకి ఒక రోజు సూది, రెండో రోజు రైతుకి డబ్బుల్లేక మానేస్తారు. జబ్బు మొండికేస్తుంది, మందు కలిసిన పాలు ఇళ్లలోకి పోతాయి. "నాకు తెలీదు, 1962కి ఫోన్ చేద్దాం, అంబులెన్స్ పిలుద్దాం" అనడం పిరికితనం కాదని నేను రెండేళ్లూ చెబుతూనే ఉంటాను. నోటితో చెబితే నేర్చుకునే పాఠం కాదది. ఇద్దరు పాత విద్యార్థులు మాత్రం ఇప్పటికీ రాత్రిళ్లు ఫోన్ చేసి అడుగుతారు. ఎంత నిద్రలో ఉన్నా ఎత్తుతాను.

ప్రతి ఏడాదీ అడ్మిషన్ల ముందు యాజమాన్యం దగ్గర ఒకే చర్చ. డిమాండ్ ఉంది, 30ని 60 చేద్దామా అని. గదులున్నాయి, బెంచీలు తెప్పించుకోవచ్చు. ఆ 94 వారాల లెక్క కాగితం మీద రాసి వాళ్ల ముందు పెడతాను. 60 అయితే 188 వారాలు. పిల్లలు పాసవుతారు, అది కష్టం కాదు. సర్టిఫికెట్ చేతికొస్తుంది, చెయ్యి రాదు. ఆ చెయ్యి మొదటిసారి నేర్చుకునేది ఏదో ఊళ్లో, ఏదో ముసలమ్మ ఒక్కగానొక్క ఆవు మీద.

కాబట్టి ఏ కాలేజీలో చేర్పించినా సరే, మా దగ్గరే అని కాదు, ఫీజు కన్నా ముందు ఇవి అడగండి. ప్రాక్టికల్స్‌కి వాడే పశువులెన్ని? ఒక్కో విద్యార్థి వారానికి ఎన్ని గంటలు పాకలో ఉంటాడు? రేబిస్ టీకాలు వేయిస్తారా, డబ్బులు ఎవరు పెట్టుకుంటారు? జవాబు తడుముకుంటే ఇంకో కాలేజీ చూసుకోండి.

చీపురుపల్లి పెద్దాయనా, మీ అబ్బాయిని తీసుకుని ఒక రోజు రండి. ఆఫీసు దగ్గరికొద్దు, పొద్దున్న ఆరింటికి పాక దగ్గరికి రండి. ఎడమ పక్క చివర నల్లావు ఉంటుంది, కొత్తవాళ్లని చూస్తే కాలు విసురుతుంది. ముందు దాని పక్కన పేడ ఎత్తనివ్వండి, గంటసేపు. బూట్లు మా దగ్గర ఉన్నాయి.