పక్షిగూళ్ల శుభ్రతలో మిగిలిన ముక్కలతో చేసిన పొడి: వాడి చూసి చెబుతున్నా

నమస్కారం అండీ. ముందే చెప్పేస్తాను, ఈ పక్షిగూటి పొడి డబ్బా నేను కొన్నది కాదు. ఇక్కడ మలేషియాలోనే ఒక చిన్న కంపెనీ వాళ్లు ఉచితంగా పంపారు. వీడియో కోసం డబ్బులు తీసుకోలేదు, అప్‌లోడ్ చేసే ముందు వాళ్లకి చూపించలేదు. పేరు మీద స్టిక్కర్ అంటించాను, ఎందుకంటే ఇలాంటి పొడి ఇప్పుడు చాలామంది చేస్తున్నారు. నేను మాట్లాడేది ఈ ఒక్క బ్రాండ్ గురించే కాదు, ఈ రకం సరుకు మొత్తం గురించి. బరువు, రేటు, ప్యాకింగ్ ఇవన్నీ మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు, వాటి జోలికి వెళ్లను.

పక్షిగూడు సంగతి తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టండి. స్విఫ్ట్‌లెట్ అనే చిన్న పిట్ట తన లాలాజలంతో కట్టుకునే గూడు ఇది, దీన్ని శుభ్రం చేసి వండుకుని తింటారు. సబాలో గోమాన్‌తోంగ్ గుహలు, సరవాక్‌లో నియా గుహలు వీటికి పేరుపడ్డ చోట్లు. ఇప్పుడు మార్కెట్‌కి వచ్చేది ఎక్కువగా ఈ పిట్టల కోసమే కట్టిన బిల్డింగుల నుంచి. ఉత్పత్తిలో ఇండోనేషియా మొదటిది, తర్వాత మలేషియా. కొనేది ఎక్కువగా చైనా.

గూడు అలా తీసి ఇలా వండుకునేది కాదు. గూటి నిండా నూగు, ఈకలు అతుక్కుని ఉంటాయి. నీళ్లలో నానబెట్టి, పోగులు వదులయ్యాక, లైటు కింద కూర్చుని ట్వీజర్లతో ఒక్కో ఈకా తీయాలి. మిషన్‌తో పూర్తిగా అయ్యే పని కాదిది. తక్కువ రకం గూడు తెచ్చి ఇంట్లో నేనూ చేశాను. మెడ పట్టేస్తుంది, కళ్లు లాగేస్తాయి. ఇంత చేసినా గిన్నె అడుగున ఈకలు, వాటిని పట్టుకుని సన్నటి గూటి ముక్కలు మిగులుతాయి. ఫ్యాక్టరీల్లోనూ అంతే. ఈకని, ముక్కని విడదీయడానికి అయ్యే కూలి ఆ ముక్క ఖరీదుని మించిపోతుంది. అందుకే పారేస్తారు, లేదా చవగ్గా వదిలించుకుంటారు. తిండికి పనికొచ్చే సరుకే అది. గూటిలో ఉండే ప్రొటీన్, దానికి అంటుకుని ఉండే సయాలిక్ యాసిడ్ అనే ఒక రకం చక్కెర ఈ ముక్కల్లోనూ ఉంటాయి. అది ఇన్నాళ్లూ చెత్తకుండీలోకి పోతోందంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఈ డబ్బా రాగానే నాకు అంత ఉత్సాహం రావడానికి కారణం అదే. ఇందులో చేసే పని వినండి, నాకు భలే నచ్చింది. ఈకలతో ఉన్న ముక్కల్ని బాగా కడిగి, ఉడికించి ఉబ్బనిస్తారు. తర్వాత ప్రొటీన్‌ని కోసే ఎంజైమ్ వేస్తారు. దీనికి ఎక్కువగా వాడేది ఆల్కలేజ్. గూటి ప్రొటీన్ చిన్న చిన్న ముక్కలుగా తెగి నీళ్లలో కరిగిపోతుంది. ఈక మాత్రం కరగదు. ఈకంటే కెరటిన్, దాని లోపల గంధకం బంధాలు గట్టిగా బిగించి ఉంటాయి, ఈ ఎంజైమ్‌కి అంత తేలిగ్గా లొంగదు. ఇక వడకడితే ఈకలు పైన, సారం కింద! ట్వీజర్లతో రోజంతా చేసే పని, చేత్తో అయ్యేది కాదని వదిలేసిన పని, ఎంజైమ్ చేసిపెడుతుంది. తర్వాత వేడిచేసి ఎంజైమ్‌ని ఆపేసి, ఆరబెట్టి పొడి చేస్తారు. యూనివర్సిటీ కెబాంగ్సాన్ మలేషియా పరిశోధకులు ఇలాంటి మిగులు ముక్కల మీదే పనిచేసి 2020లో పేపర్ వేశారు. చక్కెర గొలుసులు అంటుకుని ఉన్న చిన్న ప్రొటీన్ ముక్కలు, అంటే గ్లైకోపెప్టైడ్లు, ఇలా రాబట్టవచ్చని చూపించారు.

సరే, వాడకం. చెంచాడు పొడి గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో వేసి రెండు తిప్పులు తిప్పాను. చూడండి, అడుగున ఏమీ లేదు. మామూలు గూడు ఉడికిస్తే జెల్లీలా ఉబ్బుతుంది తప్ప ఇలా ఇట్టే కరగదు. ఇది కరిగింది. ఈ ఒక్క గుణం కోసమే దీన్ని జావలో, సూప్‌లో, పిండిలో కలపొచ్చు. పొద్దున్నే ఓట్స్‌లో కలుపుకుంటున్నాను, ఉన్నట్టే తెలియదు. ఇంతకుముందు సీసాల్లో వచ్చే పక్షిగూడు డ్రింకులు కొన్ని తాగాను. వాటిలో పటికబెల్లం తీపే తెలిసింది, గూటి పోగులు వెతుక్కోవాల్సి వచ్చింది. వాటితో పోలిస్తే ఇది చాలా మెరుగు.

రుచి విషయానికొస్తే, ఉత్త నీళ్లలో తాగితే చివర్లో సన్నటి చేదు తగులుతుంది. ప్రొటీన్ని చిన్న ముక్కలు చేస్తే, లోపల దాగి ఉన్న కొన్ని అమైనో యాసిడ్లు బయటపడి నాలుకకి చేదు తగులుతాయి. ఇలా చేసే పొడుల్లో మామూలుగా ఉండే సంగతే. కోడిగుడ్డు తెల్లసొన వాసన కూడా కొంచెం ఉంది, అది గూటి సొంత వాసన. ఇవి లోపాలు అనను.

నాకు కోపం తెప్పించింది లేబుల్. దీని మీద కాసేపు మాట్లాడాలి.

మొదటి సంగతి. డబ్బా ముందువైపు తెల్లటి నిండు గూడు ఫోటో. మిగులు ముక్కలతో చేసింది అన్న మాట డబ్బా మీద ఎక్కడా లేదు. నాకు పంపిన లెటర్‌లో మాత్రం గొప్పగా రాశారు! పారేసే సరుకుని ఆహారంగా మార్చామని చెప్పుకోవడం గౌరవమే కదండీ. ఆ మాటే కొనేవాళ్లకీ చెప్పాలి. ఫోటో చూసి నిండు గూళ్లు దంచి చేశారనుకుని, ఆ రేటు పెట్టి కొంటారు జనం.

రెండోది, వెనకవైపు పదార్థాల పట్టీ. మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్. మలేషియాలో పదార్థాల్ని బరువు ఎక్కువున్నదాంతో మొదలుపెట్టి రాయాలి. అంటే ఈ డబ్బాలో అన్నిటికన్నా ఎక్కువున్నది పిండి నుంచి తీసిన మాల్టోడెక్స్‌ట్రిన్! ద్రవాన్ని చిమ్మి ఆరబెట్టేటప్పుడు పొడి అంటుకోకుండా దీన్ని కొంత కలుపుతారు, అది అర్థం చేసుకోగలను. కానీ అదే ఎక్కువైతే నేను కొంటున్నది ఏమిటి? గూటి సారం ఎంత శాతమో రాయలేదు. సయాలిక్ యాసిడ్ ఎంతో రాయలేదు. మంచి గూటిలో అది 10 శాతం దాకా ఉంటుంది. ఈ పొడిలో అసలు సరుకు ఎంతుందో అంచనా వేయడానికి బాగా పనికొచ్చే అంకె అది, దాన్నే వదిలేశారు.

ఇక్కడ ఒక మెచ్చుకోలు కూడా ఉంది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది, ఎక్కువైతే ఒంటికి చేటు చేసే నైట్రైట్ అనే లవణం హద్దు లోపలే ఉంది. ఇది చిన్న విషయం కాదు. 2011లో ఎర్రటి గూళ్లలో నైట్రైట్ విపరీతంగా ఉందని తేలి, మలేషియా గూళ్ల దిగుమతిని చైనా ఆపేసింది. ఇక్కడి రైతులు, వ్యాపారులు బాగా దెబ్బతిన్నారు. ఆ తర్వాతే కిలోకి 30 మిల్లీగ్రాములన్న హద్దు గట్టిగా అమలైంది. మిగులు ముక్కల పొడిలో ఈ రిపోర్ట్ ఇంకా ముఖ్యం. నైట్రైట్ నీళ్లలో కరుగుతుంది. మామూలు గూడు నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే చాలావరకు పోతుంది. ఇక్కడ చివర్లో ఆ ద్రవాన్నే ఆరబెడతారు కాబట్టి, ముందు సరిగ్గా కడగకపోతే అది పొడిలోనే ఉండిపోతుంది. రిపోర్ట్ లేని డబ్బా ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోకండి.

మూడోది నన్ను ఎక్కువ కలవరపెట్టింది. డబ్బాతో వచ్చిన పాంప్లెట్‌లో 'పిల్లలకి రోజూ ఇవ్వండి' అని ఉంది. ఎలర్జీ హెచ్చరిక ఒక్క లైను కూడా లేదు. 1999లో సింగపూర్ డాక్టర్లు ప్రచురించిన పరిశీలనలో, పిల్లల్లో తిండి వల్ల వచ్చే ప్రమాదకరమైన ఎలర్జీకి అన్నిటికన్నా ఎక్కువగా కారణమైంది పక్షిగూడే. ఎలర్జీ తెచ్చే ప్రొటీన్ గుడ్డు తెల్లసొనలో ఉండే ఒక ప్రొటీన్‌ని పోలి ఉంటుంది. ఎంజైమ్‌తో కోశాం కాబట్టి భయం లేదు అనుకోకూడదు. ప్రొటీన్ ఎంతవరకు తెగింది, ఎలర్జీ తెచ్చే భాగం మిగిలిందా అని టెస్ట్ చేసి చూపించాలి. గుడ్డు పడని పిల్లలున్న ఇంట్లో డాక్టర్ని అడక్కుండా ఇది పెట్టొద్దు. నా చెల్లెలి కొడుక్కి గుడ్డు పడదు, వాడు మా ఇంటికొస్తే ఈ డబ్బా పై అరలోకి వెళ్లిపోతుంది.

అదే పాంప్లెట్‌లో బీపీ తగ్గుతుందనీ ఉంది. మన ఒంట్లో బీపీని పెంచే ఒక ఎంజైమ్‌ని టెస్ట్ ట్యూబులో ఆపినంత మాత్రాన, మనిషి తాగితే బీపీ దిగుతుందని అర్థం కాదు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ఇది చూసి వాటిని ఆపేయకండి, దయచేసి.

మరి కొనాలా? పొడి నాకు బాగా నచ్చింది. ఈ పని చేసిన టెక్నీషియన్లని కలిస్తే చేయి కలిపి అభినందిస్తాను. కానీ ఈ లేబుల్‌తో ఉన్న ఈ డబ్బాని కొనమని మీకు చెప్పను. కంపెనీ వాళ్లకి మెయిల్ పెట్టాను: మిగులు ముక్కలతో చేసిందని ముందువైపే రాయండి, గూటి సారం, సయాలిక్ యాసిడ్ శాతాలు వేయండి, ఎలర్జీ హెచ్చరిక పెద్ద అక్షరాల్లో అచ్చేయండి, బీపీ మాట తీసేయండి అని. జవాబు వస్తే ఉన్నదున్నట్టు కింద కామెంట్‌లో పిన్ చేస్తాను. లేబుల్ మార్చిన డబ్బా షాపులోకి వస్తే ఈసారి నా డబ్బుతో కొని, సయాలిక్ యాసిడ్ కోసం ల్యాబ్‌కి పంపించి, ఆ అంకె చూపిస్తాను.