మన బియ్యం, నా సంతకం

అందరికీ నమస్కారం. మిర్యాలగూడలో నిలబడి సముద్రం గురించి మాట్లాడమంటే నాకే నవ్వొచ్చింది. మనకు నీళ్లంటే సాగర్ ఎడమ కాలువే కదా. నేను మొదట ఎక్కిన ఓడ కూడా నాగార్జునకొండకు పోయే లాంచీనే.

నాలాంటి ఓడ కెప్టెన్‌కు తుఫాను భయం ఎక్కువనుకుంటారు. తుఫాను కబురు ముందే అందుతుంది, దారి మార్చుకుంటాం. నాకు నిద్ర లేకుండా చేసింది మాత్రం బియ్యం, మీ మిల్లుల నుంచి వచ్చే ఈ బియ్యమే.

కాకినాడ యాంకరేజ్ పోర్టులో పెద్ద ఓడ ఒడ్డుకు రాదు. దూరంగా లంగరు వేసుకుంటుంది. బార్జీల్లో, అంటే సరుకు మోసే చదును పడవల్లో, వచ్చిన బస్తాలను క్రేన్లతో హోల్డులోకి, అంటే ఓడ కడుపులోని సరుకు గదిలోకి దింపుతారు. మబ్బు పట్టిందంటే హోల్డు మూతలు, అదే హ్యాచ్ కవర్లు, మూయాలి. మూస్తే రోజు పోతుంది, ఓడను కిరాయికి తీసుకున్నవాళ్ల ఫోన్లు మొదలవుతాయి. మూయకపోతే సరుకు పోతుంది. కల్లంలో వడ్లు ఆరబోసి మా నాయిన ఆకాశం వైపు ఎట్లా చూసేవాడో, 25,000 టన్నుల మీద నిలబడి నేనూ అట్లాగే చూసేవాణ్ణి.

తర్వాత బిల్ ఆఫ్ లేడింగ్. ఇన్ని బస్తాలు ఎక్కాయి, పైకి బాగానే ఉన్నాయి అని కెప్టెన్ పేరు మీద వెళ్లే కాగితం. దాన్ని చూసే బ్యాంకు డబ్బులిస్తుంది. ఒకసారి తడి బస్తాలు వచ్చాయి. ఆ మాట కాగితంలో రాస్తానన్నాను. 'రాయకండి సార్, నష్టమొస్తే మేం కట్టుకుంటామని లెటర్ ఇస్తాం' అన్నాడు సరుకు పంపేవాళ్ల మనిషి. తెలిసి అబద్ధం రాస్తే అలాంటి లెటర్ కోర్టులో నిలబడదు. బస్తాలు మార్చేదాకా సంతకం పెట్టలేదు. ఆ రోజు నన్ను ఎన్ని తిట్టుకున్నారో!

ఈ బియ్యం పశ్చిమ ఆఫ్రికాకు పోవాలంటే దక్షిణాఫ్రికా కొసను చుట్టాలి. అక్కడ నీళ్లు చల్లన, ఓడ ఉక్కు కూడా చల్లబడుతుంది. హోల్డులోని తేమ పైకప్పుకు పట్టి బస్తాల మీద బొట్లుబొట్లుగా రాలుతుంది. అన్నం గిన్నె మీది మూత తిప్పి చూడండి, అదే సంగతి. గాలి ఆడించాలి. అయితే బయటి గాలి డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత, లోపలిదాని కన్నా తక్కువున్నప్పుడే. అందుకే ప్రతి డ్యూటీ షిఫ్టులో కొలిచి రాస్తాం. పురుగు పట్టకుండా పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ నుంచి వచ్చే గ్యాస్ మనుషుల గదుల్లోకి రాకుండా చూడటం ఇంకో టెన్షన్. ఆ గ్యాస్‌కు ప్రాణాలు పోయిన ఓడలున్నాయి.

భద్రత విషయంలో కెప్టెన్ నిర్ణయానికి యజమాని కూడా అడ్డు రాకూడదని సోలాస్ అనే అంతర్జాతీయ ఒప్పందం చెబుతుంది. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ రాత్రి రెండింటికి ఆ అధికారం ఒంటరిగా కూర్చోబెడుతుంది. పడుకునే ముందు నైట్ ఆర్డర్ బుక్‌లో, అంటే రాత్రి డ్యూటీ ఆఫీసర్లకు సూచనలు రాసే పుస్తకంలో, చివరి మాట ఎప్పుడూ ఒకటే రాసేవాణ్ణి: ఏ కొంచెం అనుమానమున్నా నన్ను లేపండి. కుర్ర ఆఫీసర్లకు మొహమాటం ఎక్కువ. అందుకే ఊరికే లేపినా కసురుకునేవాణ్ణి కాదు.

పశ్చిమ ఆఫ్రికాలోని అబిజాన్ పోర్టు చేరి, గ్యాస్ లేదని మీటర్‌లో చూశాక హ్యాచ్ తెరుస్తారు. నేను వంగి వాసన చూసేవాణ్ణి. ముక్కిన వాసన లేదంటే, అప్పుడు చాయ్ అడిగేవాణ్ణి.