అంచెలవారీ పర్యావరణ సమీక్ష: ఏ నిర్ణయం ఏ అంచెలో?

నిర్వాహకురాలు: అమెరికాలో జాతీయ పర్యావరణ విధాన చట్టంపై 1970 జనవరి 1న అధ్యక్షుడు సంతకం చేశారు. పర్యావరణంపై చెప్పుకోదగ్గ ప్రభావం చూపే పెద్ద పనిని తలపెట్టే ఫెడరల్ సంస్థ ముందుగా ప్రభావ నివేదిక తయారుచేయాలని ఆ చట్టం చెబుతుంది. అనేక రాష్ట్రాలకు విస్తరించే పథకాలకు అన్ని వివరాలతో ఒకే నివేదిక రాయడం కష్టం కనుక, ముందు కార్యక్రమ స్థాయిలో, అంటే పథకం మొత్తాన్ని స్థూలంగా, తర్వాత ప్రాజెక్టు స్థాయిలో, అంటే ఒక్కొక్క స్థలాన్ని వివరంగా సమీక్షించే అంచెలవారీ పద్ధతి స్థిరపడింది. దీనిపై మాట్లాడడానికి పర్యావరణ న్యాయవాది ఒకరు, పర్యావరణ ఇంజనీరు ఒకరు వచ్చారు. ఇంజనీరు గారూ, తొలి అంచెలో నిజంగా చూసేది ఏమిటి?

ఇంజనీరు: ఎక్కువగా మ్యాపులు, అప్పటికే అందుబాటులో ఉన్న సమాచారం. ఫెడరల్ ప్రభుత్వ భూములను చూసే భూ నిర్వహణ బ్యూరో 2012లో పూర్తిచేసిన సౌర విద్యుత్తు నివేదికనే తీసుకోండి. నైరుతి ప్రాంతంలోని ఆరు రాష్ట్రాల ప్రభుత్వ భూములను పరిశీలించి 17 సౌర మండలాలను గుర్తించారు; ఎక్కడ అనుమతించవచ్చో, ఎక్కడ అసలు కూడదో ఆ నివేదికలోనే తేల్చారు. ఆ తర్వాత ఏదైనా కంపెనీ ఫలానా చోట ప్లాంటు కడతామని దరఖాస్తు చేసుకున్నప్పుడు రెండో అంచె మొదలవుతుంది. ఎడారి తాబేళ్లు ఉండే నేల అయితే, జీవశాస్త్ర నిపుణులు నిర్ణీత ఎడంతో వరుసలుగా నడుస్తూ బొరియలను, పెంకు ముక్కలను, రెట్టను వెతుకుతారు. తాబేళ్లు చురుగ్గా తిరిగే వసంతంలోనో శరత్కాలంలోనో ఈ పని జరగాలి. అదను తప్పితే నెలల తరబడి ఆగక తప్పదు. ఆరు రాష్ట్రాల భూమి మొత్తాన్నీ ముందే ఇలా నడిచి చూడాలంటే ఎవరి వల్లా కాదు, ఆ అవసరమూ లేదు.

నిర్వాహకురాలు: మరి చిక్కు ఎక్కడొస్తోంది, న్యాయవాది గారూ?

న్యాయవాది: “అది తర్వాతి అంచెలో చూస్తాం” అనే మాట దగ్గర వస్తోంది. 1982లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు (ఒక ఫెడరల్ కోర్టు) ఇచ్చిన తీర్పు ఇందుకు మంచి ఉదాహరణ. ఫెడరల్ సంస్థ అయిన అటవీ సర్వీసు, రోడ్లు లేని దాదాపు 6.2 కోట్ల ఎకరాల అటవీ భూములను మూడు వర్గాలుగా విడదీసింది. వన్యప్రాంతాలుగా, అంటే సహజ స్థితిలోనే, కాపాడవలసినవి కొన్ని, ఇంకా పరిశీలించవలసినవి కొన్ని, ఇతర వినియోగాలకు వదిలేయదగినవి కొన్ని. వీటన్నిటికీ ఒకే నివేదిక రాసి, ఒక్కొక్క స్థలంపై పడే ప్రభావాన్ని అక్కడ ఏదైనా పని చేపట్టినప్పుడు లెక్కిస్తామంది. కాలిఫోర్నియా రాష్ట్రం దావా వేసింది. ఇతర వినియోగాలకు వదిలేయడమే కీలకమైన నిర్ణయమని, ఆ తర్వాత ఎంత వివరమైన నివేదిక రాసినా ఆ భూమిని వన్యప్రాంతంగా ఉంచాలా వద్దా అనే ప్రశ్న ఏళ్ల తరబడి మళ్లీ ముందుకు రాదని కోర్టు గ్రహించి, స్థలాలవారీ పరిశీలన ఆ వర్గీకరణ చేసేటప్పుడే జరగాలని చెప్పింది. నా దృష్టిలో ఇంతకంటే స్పష్టమైన కొలమానం లేదు: వెనక్కి తీసుకోలేని నిర్ణయం ఏ అంచెలో జరుగుతోందో, దానికి సంబంధించిన పరిశీలన కూడా ఆ అంచెలోనే పూర్తికావాలి.

ఇంజనీరు: ఆ కొలమానం అన్నిచోట్లా అంత సులువుగా కుదరదండీ. కాలిఫోర్నియా హైస్పీడ్ రైలు విషయంలో ఆ రాష్ట్ర పర్యావరణ చట్టం కింద వచ్చిన వివాదం చూడండి. శాన్‌ఫ్రాన్సిస్కో ద్వీపకల్పంలో పట్టాలు కొంత మేర స్తంభాల మీదుగా వెళ్లవలసి ఉంటుందని ముందే తెలిసినప్పుడు, దాన్ని కార్యక్రమ స్థాయి నివేదికలోనే పరిశీలించాలని అక్కడి పట్టణాలు వాదించాయి. పట్టాల ఎత్తును ప్రాజెక్టు స్థాయికి వదిలేయవచ్చని 2014లో రాష్ట్ర అప్పీళ్ల కోర్టు చెప్పింది. చట్టపరంగా అది సరే కావచ్చు. కానీ తెలిసిన సంగతిని వాయిదా వేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మార్గం ఖరారైపోయాక శబ్దం గురించో నీడ గురించో ఇంటివాళ్లు మొరపెట్టుకుంటే, అడ్డుగోడ ఎంత ఎత్తు కట్టాలన్న చర్చే మిగులుతుంది.

న్యాయవాది: మీ బాధ న్యాయమైనదే. అయితే ఆ కేసులో మార్గం ఎంపికకు కావలసిన పోలిక తొలి అంచెలో జరిగింది, ఎత్తు నిర్ణయం ఇంకా తెరిచే ఉంది. అటవీ భూముల కేసులో తెరిచి ఉన్నది ఏమీ లేదు.

నిర్వాహకురాలు: తొలి అంచె నివేదిక పాతబడితే?

న్యాయవాది: 2023లో చట్టానికి చేసిన సవరణ దీనికి గడువు పెట్టింది. కార్యక్రమ స్థాయి విశ్లేషణపై ఐదేళ్ల వరకు ఆధారపడవచ్చు, గణనీయమైన కొత్త పరిస్థితులు గానీ సమాచారం గానీ బయటపడితే తప్ప. ఐదేళ్లు దాటితే ఆ విశ్లేషణను, దాని వెనక ఉన్న అంచనాలను సంస్థ మళ్లీ పరీక్షించుకోవాలి. ఈ పద్ధతిని వివరించిన 1978 నాటి నియమావళిని 2025లో ఉపసంహరించారు కనుక, ఈ సవరణకు ఇప్పుడు మరింత ప్రాధాన్యం వచ్చింది.

నిర్వాహకురాలు: సామాన్యులు ఏ అంచెలో మాట్లాడాలి?

ఇంజనీరు: తొలి అంచెలోనే. తమ ఊరి పేరు మ్యాపులో సన్నని గీతగా కనిపిస్తున్నప్పుడే అడగాలి. వాషింగ్టన్–బోస్టన్ రైలు మార్గమైన ఈశాన్య రైలు కారిడార్ తొలి అంచె తుది నివేదిక 2016 డిసెంబరులో వచ్చింది. అందులో కనెటికట్‌లోని ఓల్డ్ సేబ్రూక్ నుంచి రోడ్ ఐలండ్‌లోని కెన్యన్ వరకు కొత్త మార్గం ప్రతిపాదించారు. తీరప్రాంత పట్టణాలవారు గట్టిగా అభ్యంతరం చెప్పారు. 2017 జూలై నాటి నిర్ణయ పత్రంలో ఆ భాగం లేదు. దాని స్థానంలో న్యూ హేవెన్ నుంచి ప్రావిడెన్స్ వరకు రైలు మార్గపు సామర్థ్యంపై వేరే అధ్యయనం జరపాలన్నారు.