పురిటికొచ్చే తిమింగలాలు

(కావలిలో ఒక ఆదివారం సాయంత్రం సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. తుమ్మలపెంట, జువ్వలదిన్నె, ఇస్కపల్లి నుంచి పనులు మానుకుని వచ్చిన వాళ్ళకి ఇంకో నమస్కారం.

అధ్యక్షులు నన్ను "ప్రపంచ యాత్రికుడు" అనేశారు. అంత లేదండీ. మా అబ్బాయి శాన్‌డియాగోలో ఉంటాడు, టికెట్లు వాడే తీశాడు, నేనూ మా ఆవిడా వెళ్ళాం. ఉద్యోగమంతా జువాలజీ పాఠాలు చెప్పడమే కాబట్టి, తిమింగలాన్ని ఒక్కసారైనా కళ్ళతో చూడాలని నాకు ఎప్పట్నించో ఉంది. వాడికది తెలుసు.

శాన్‌డియాగో దాటితే మెక్సికో. అక్కణ్ణించి కిందికి సన్నగా, దాదాపు 1,200 కిలోమీటర్ల పొడవున ఒక ద్వీపకల్పం దిగుతుంది. పేరు బాహా కాలిఫోర్నియా. పడమర పసిఫిక్ మహాసముద్రం, తూర్పున కాలిఫోర్నియా సింధుశాఖ. మధ్యలో నేలంతా ఎడారి. ఎడారి అంటే రాజస్థాన్ లాగా ఇసుక తిన్నెలు అనుకోకండి. రాళ్ళు, ఎర్రటి కొండలు, కొండల నిండా జెముడు. అక్కడి కార్డోన్ జెముడు పదిహేను మీటర్లు దాటి పెరుగుతుంది. మన పొలం గట్ల మీది నాగజెముడు కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. మనకి ఎడారి లేకపోయినా చుట్టరికం ఉందన్నమాట.

మేం ఎక్కింది చిన్న ఓడ. ప్రయాణికులు అరవై మందికి మించరు. వేలమందితో, ఈతకొలనులతో తిరిగే పెద్ద క్రూయిజ్ షిప్పులు రేవు ఉన్నచోటే ఆగగలవు. దీనికి రేవు అక్కర్లేదు. ఏ దీవి పక్కనైనా లంగరేసి, రబ్బరు బోట్లు దించి, ఒడ్డుకి తీసుకెళ్తారు. బోటు ఇసుక దాకా రాదు, మోకాటి లోతు నీళ్ళలో దూకాలి. మన తీరం పిల్లలకి ఇది రోజూ పనే. ఆ ఓడలో అమెరికన్ పెద్దలకి మాత్రం, చెప్పులు చేత్తో పట్టుకుని బోటు దిగడం ఎలాగో ముందురోజు సాయంత్రం అరగంట క్లాసు పెట్టారు! మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వంతా మర్నాడు కొన దగ్గర మలుపు తిరిగి పసిఫిక్‌లోకి వెళ్ళేసరికి తీరింది. ఓడ ఊగుడుకి ఇద్దరం వాంతుల మాత్రలేసుకుని పడుకున్నాం.

ఒకటి చెప్పాలి. నేల అంత ఎండిపోయిన చోట సముద్రం అంత నిండుగా ఎలా ఉంది? పసిఫిక్ వైపు ఉత్తరం నుంచి చల్లటి ప్రవాహం ఒకటి తీరం వెంట దిగుతుంది. చల్లటి నీళ్ళ మీది గాలి పైకి లేవదు, వాన కురవదు. పొద్దున్నే మంచు పొగ మాత్రం కమ్ముతుంది. నేలకి అన్యాయం చేసిన ఆ చల్లదనమే నీళ్ళకి మేలు చేసింది. గాలి పైనీటిని తోసేస్తుంటే అడుగునున్న చల్లటి నీళ్ళు ఎరువుతో సహా పైకొస్తాయి. నాచు, దాన్ని తినే సన్నజీవాలు, వాటిని తినే చేపలు, చేపల వెనక పక్షులు, తిమింగలాలు అన్నీ అక్కడ చేరతాయి. మన బంగాళాఖాతంలో గంగ నుంచి కృష్ణ దాకా నదులు తెచ్చిపోసే మంచినీళ్ళు తేలిగ్గా ఉండి పైన పొరలా పరుచుకుంటాయి. అందుకే అడుగు నీళ్ళు అంత సులువుగా పైకి రావు. నది అన్నాను కాబట్టి, సింధుశాఖ కొసన కలిసే కొలరాడో నది సంగతీ చెప్తాను. ఎగువన వరసగా ఆనకట్టలు కట్టి నీళ్ళన్నీ వాడుకోగా, అది చాలా ఏళ్ళుగా సముద్రం దాకా రావడమే అరుదు. మనం పెన్న ఒడ్డు వాళ్ళం, ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు.

ఇక తిమింగలాలు. మేం చూసినవి బూడిద తిమింగలాలు, ఇంగ్లీషులో గ్రే వేల్ అంటారు. పసిఫిక్ వైపు మాగ్దలీనా అని పెద్ద అఖాతం. అక్కడ ఓడ ఆపి, స్థానికుల బోట్లలోకి మార్చారు. ఆ బోట్లని పంగా అంటారు. అచ్చం మన ఫైబర్ బోటే, వెనక ఔట్‌బోర్డ్ మోటారుతో సహా. నడిపేది చేపల వేట చేసే మనిషి. సీజన్‌లో పర్మిట్ తీసుకుని జనాన్ని తిప్పుతాడు, సీజన్ అయిపోతే మళ్ళీ వలలు సర్దుకుంటాడు.

అతను మోటారు ఆపెయ్యలేదు, సన్నగా ఆడనిచ్చాడు. ఆ చప్పుడు వాటికి ఇష్టమట. కాసేపటికి పది గజాల దూరంలో నీటి మీద అలలు పోయి, ఒక గుండ్రటి నున్నటి చోటు ఏర్పడింది. అడుగున తోక ఊపితే పైకొచ్చే గుర్తు అది. ఆ తర్వాత బుస్సుమని ఊపిరి. తుంపర మా మొహాల మీద పడింది. కుళ్ళిన చేప వాసన, దాచేది లేదు. తర్వాత తల లేచింది. బూడిదరంగు చర్మం, దాని మీద తెల్లటి గుల్లలు గుత్తులు గుత్తులుగా అతుక్కుని ఉన్నాయి. గుల్లల సందుల్లో నారింజ రంగులో ఏవో కదులుతున్నాయి. తిమింగలపు పేలు అంటారు వాటిని. నిజానికి అవి పేలు కావు, రొయ్యల వర్గం. నెల్లూరు జిల్లా వాళ్ళం, రొయ్య ఏ వేషంలో ఉన్నా కనిపెడతాం! ఇంకో విశేషం, ఆ తిమింగలం తినేదీ అదే వర్గపు సన్నజీవాల్ని. పళ్ళుండవు. వేసవిలో ఉత్తరాన బేరింగ్, చుక్చీ సముద్రాల్లో అడుగుకి దిగి, పక్కకి ఒరిగి, బురద పీల్చి, నోట్లోని జల్లెడ పలకలతో వడగట్టుకుని తింటుంది. ఎక్కువ భాగం కుడిపక్కకే ఒరుగుతాయి. అందుకే కుడి దవడ మీద గుల్లలు తక్కువ, గీతలు ఎక్కువ. నేను అది చూసుకుంటూ కూర్చుంటే, మా ఆవిడ చెయ్యి చాపి ముట్టుకుంది. చల్లగా, జారుగా, నొక్కితే కాస్త లోపలికి పోయిందని చెప్పింది. నేను ముట్టుకోలేదు. అది వచ్చి బోటుని ఒరుసుకుంటే తప్ప మన చెయ్యి చాపకూడదని నా పట్టుదల. అప్పటికది మా ఆవిడ పక్కకే ఒరుసుకుంది, నా పక్కకి రాలేదు.

పక్కనే పిల్ల. పుట్టినప్పుడే నాలుగున్నర మీటర్లు ఉంటుంది, బరువులో ఒంగోలు గిత్తని మించుతుంది. తల్లి పాలలో సగానికి సగం కొవ్వే. అంత పాలిస్తూ తల్లి ఆ నెలలన్నీ దాదాపు పస్తు. రానూ పోనూ 16 వేల నుంచి 20 వేల కిలోమీటర్లు ఈది ఇక్కడికి రావడం ఎందుకంటే, పురుడు కోసం. ఈ తీరంలోని కయ్యల్లో, అంటే నేల లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు మడుగుల్లో, నీళ్ళు వెచ్చగా, నిలకడగా, లోతు తక్కువగా ఉంటాయి. పిల్లల్ని వేటాడే ఓర్కాల (కిల్లర్ వేల్స్) బెడద తక్కువ.

ఈ సంగతి మనుషులకి తెలిసిన వెంటనే ఏం చేశారనుకున్నారు? 1857 ప్రాంతంలో చార్లెస్ స్కామన్ అనే అమెరికన్ కెప్టెన్ ఇక్కడి ఓహో ద లియెబ్రె కయ్యలోకి ఓడలతో చొరబడ్డాడు. పురిటి తల్లుల్ని ఈటెలతో పొడిచారు. పిల్లని కాపాడుకోవడానికి తల్లి పడవల్ని పగలగొడితే, దానికి "దెయ్యపు చేప" అని పేరు పెట్టారు. పొడిచినవాడు పెట్టిన పేరు కదా, అలాగే ఉంటుంది. కొన్నేళ్ళలోనే కయ్యలు ఖాళీ. 20వ శతాబ్దంలో అంతర్జాతీయ ఒప్పందాలు వచ్చాకే మళ్ళీ పుంజుకున్నాయి.

దెయ్యపు చేప అన్న భయం మాత్రం జాలర్లలో ఉండిపోయింది. సాన్ ఇగ్నాసియో అనే ఇంకో కయ్యలో తిమింగలాలు దగ్గరికి రాకుండా బోటు అంచు మీద చప్పుడు చేస్తూ వేటకి పోయేవాళ్ళు. 1972లో పచీకో మయొరాల్ అనే జాలరి బోటు కిందికి ఒకటి వచ్చి, అటూ ఇటూ ఒరుసుకుంటూ ఎంతసేపటికీ పోలేదట. అతను ముందు వేలు, తర్వాత అరచెయ్యి పెట్టి చూశాడు. అది కదల్లేదు. ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి జనం అక్కడికి వెళ్తున్నారంటే, మొదలు అది. గమనించండి, మొదలుపెట్టింది టూరిజం శాఖ కాదు, రిసార్టు వాళ్ళూ కాదు.

ఇస్కపల్లి వాళ్ళు వచ్చారు కాబట్టి ఉప్పు కథ చెప్పాలి. స్కామన్ వేటాడిన కయ్య పక్కనే గెరెరో నెగ్రో అనే ఊరు ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్ద ఉప్పు కొఠార్లు అక్కడే. మన దగ్గరి లాగే సముద్రపు నీళ్ళు పెట్టి, ఎండకి ఆరబెట్టి తీసేదే, కాకపోతే లక్షల టన్నుల్లో. అప్పట్లో అది మెక్సికో ప్రభుత్వం, జపాన్ మిత్సుబిషి ఉమ్మడి కంపెనీ. 1990ల్లో వాళ్ళే సాన్ ఇగ్నాసియో దగ్గర రెండో కొఠారు పెడతామన్నారు. ఆ కయ్యలు అప్పటికే, 1993లో, యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. గొడవ ఐదేళ్ళ పైన నడిచింది. 2000 మార్చిలో మెక్సికో అధ్యక్షుడు ఎర్నెస్టో సెడీయో ప్రాజెక్టు రద్దు చేశాడు. నేను ఉప్పుకి వ్యతిరేకిని కాను. పాత కొఠారు పక్కన ఇప్పటికీ తిమింగలాలు పిల్లల్ని పెడుతున్నాయి. కానీ ఉన్న కొద్ది పురిటి గదుల్లో ఒకదాని పక్కన ఫ్యాక్టరీ ఉన్నప్పుడు, ఇంకోదాన్ని వదిలెయ్యమనడం న్యాయమే అనిపిస్తుంది.

దాంతో అంతా సుఖాంతమైపోలేదు. 2016లో 27 వేల దాకా ఉన్న ఈ తిమింగలాలు 2023కి సుమారు 14,500కి పడిపోయాయి. చాలావాటి కళేబరాలు బక్కచిక్కి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. ఉత్తరాన మంచు, నీళ్ళు మారిపోయి మేత తగ్గడం పెద్ద కారణమని శాస్త్రవేత్తల మాట. పుట్టినచోట ఎంత బాగా చూసుకున్నా, మేసేచోట మేత లేకపోతే ఎవరేం చేస్తారు?

సింధుశాఖ వైపు ఇంకో కథ ఉంది, మన బోటు వాళ్ళకి బాగా అర్థమవుతుంది. కచిడి చేప ఒక్కటి పడితే ఆ ఇంట్లో పండగే కదా. దాని పొట్టలోని గాలితిత్తికి వచ్చే రేటు వల్లే అది పేపర్లలోకి ఎక్కుతుంది. అదే కుటుంబపు చేప టోటువావా అక్కడ ఉంది. దాని గాలితిత్తికీ చైనాలో విపరీతమైన గిరాకీ. పట్టడం నిషేధం, అయినా దొంగతనంగా వలలు వేస్తారు. ఆ వలల్లో వకీటా అనే చిన్న సముద్రజీవి చిక్కుకుంటుంది. మనిషంత కూడా ఉండదు, డాల్ఫిన్‌కి దగ్గర చుట్టం, ప్రపంచం మొత్తం మీద ఆ సింధుశాఖ పైకొసలో తప్ప ఎక్కడా లేదు. గాలి పీల్చే ప్రాణి కాబట్టి వలలో ఊపిరాడక చస్తుంది. ఇప్పుడు పది, ఆ చుట్టుపక్కల మిగిలాయని అంచనా. మేం చూడలేదు, చూసే అవకాశమూ లేదు.

దక్షిణాన కాబో పుల్మో అని చిన్న ఊరుంది. చేపలు తగ్గిపోతే ఊళ్ళోని కుటుంబాలే ముందుకొచ్చి, 1995లో ఆ సముద్రాన్ని జాతీయ పార్కుగా చేయించుకుని, వేట ఆపేశాయి. 1999 నుంచి 2009 దాకా పదేళ్ళలో అక్కడి చేపల మొత్తం బరువు 463 శాతం పెరిగిందని లెక్క తేల్చారు. మనకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట విరామం ఉంది. అది మంచిదే, కానీ విరామం అయిన మర్నాడే అందరూ ఒకే చోట పడతారు. ఎనిమిది కిలోమీటర్ల లోపలికి మరబోట్లు రాకూడదన్న రూలు ఎలా అమలవుతుందో నాకంటే మీకే తెలుసు.

మన దగ్గర తిమింగలాల యాత్ర పెట్టమని నేను అనడం లేదు. అది జరిగే పని కాదు. పులికాట్, నేలపట్టు ఉన్నాయి. జిల్లాల విభజనలో కాగితం మీద తిరుపతి వైపు వెళ్ళాయి కానీ కొంగలకి ఆ సంగతి తెలీదు. చలికాలం చివర్లో మన ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. అదే సీజన్లో వలల్లో పడి చచ్చినవీ అదే ఇసుక మీదికి కొట్టుకొస్తాయి. రాత్రిపూట టార్చి వెలుగు మీద కాగితం చుట్టి, నలుగురు నలుగుర్ని వెంటబెట్టుకుని తాబేలుని చూపించే పని తీరం కుర్రాళ్ళ చేతిలో పెడితే, టికెట్ డబ్బు వాళ్ళకే వస్తే, తాబేలు బతికుంటే లాభం ఎవరికో వాళ్ళకే తెలుస్తుంది. సాన్ ఇగ్నాసియోలో ఒకేసారి పదహారు బోట్లకి మించి తిమింగలాల దగ్గరికి పోవు. దూరంగా నిలబడి వంతు కోసం కాచుకుంటాయి. లైను తప్పిన బోటుని ముందు కేకలేసేది పక్క బోటువాడే.

ఖర్చెంతని అడగబోతున్నారు, మొహాల్లో కనిపిస్తోంది. చిన్న ఓడ యాత్ర చాలా ఖరీదు, మనిషికి లక్షల్లో లెక్క. మా అబ్బాయి అసలు అంకె నాకు ఇప్పటికీ చెప్పలేదు. కానీ తిమింగలం చూడ్డానికి ఓడ అక్కర్లేదు. అమెరికాలో పిల్లలున్న వాళ్ళు చాలామందే ఉన్నారు ఇక్కడ. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికోకి వేరే వీసా అడగరు. జనవరి చివర్నించి మార్చి లోపల లొరెటోకో, లా పాజ్‌కో విమానంలో వెళ్ళి, రోడ్డు మీద లోపెస్ మతెయోస్ అనే ఊరు చేరితే చాలు, పంగా అక్కడే ఎక్కొచ్చు. పొద్దున్నే చలి, స్వెట్టర్ ఉండాలి. లొరెటో దగ్గర ఫిబ్రవరి, మార్చిల్లో నీలి తిమింగలాలు కూడా కనిపిస్తాయి. వాటి వీపు నీళ్ళలోంచి లేచి, ఇంకా వస్తూనే ఉంటుంది, ఎంతకీ అయిపోదు.

భోజనం మాత్రం మీ పూచీ. చేప అక్కడ రొట్టెలో చుట్టి ఇస్తారు, పులుసు మాట మర్చిపోండి.

ఇక ప్రశ్నలు. మోటారు ఎన్ని హార్స్‌పవర్, డీజిలా పెట్రోలా అని జువ్వలదిన్నె వాళ్ళు ఇందాకట్నించి సైగ చేస్తున్నారు. ముందు వాళ్ళకి మైకివ్వండి.