కొవ్వొత్తి ఆరాక

ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

ఈ పళ్లెంలో రంగు నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించాను. దానిపై గాజు గ్లాసు బోర్లిస్తున్నాను. చూడండి, మంట ఆరింది, నీళ్లు గ్లాసులోకి ఎక్కాయి. తరగతిలో మనం వెంటనే వివరణ చెప్పేస్తాం: "మంట ఆక్సిజన్‌ను వాడేసుకుంది. గాలిలో అది ఐదో వంతు. ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి." నేనూ ఏళ్ల తరబడి ఇలాగే చెప్పాను. నీటి మట్టం ఇంచుమించు ఐదో వంతుకే చేరేది కాబట్టి అనుమానం రాలేదు. కానీ ఆ వివరణ తప్పు.

నా కళ్లు తెరిపించింది ఎనిమిదో తరగతి పిల్లలు. ఒక రోజు కారణం చెప్పకుండా, చూసింది చూసినట్లు రాయమన్నాను. ఒక అమ్మాయి రాసింది: "మంట ఉన్నంతసేపు నీళ్లు పెద్దగా కదలలేదు. ఆరిపోయాకే గబగబా ఎక్కాయి." ఆ వాక్యం చదివి చాలాసేపు ఆలోచనలో పడ్డాను. ఆక్సిజన్ తరిగిపోవడమే కారణమైతే మంట వెలుగుతున్నప్పుడే నీళ్లు మెల్లగా ఎక్కుతూ ఉండాలి కదా! మరో అబ్బాయి, గ్లాసు బోర్లించగానే అంచు కింద నుంచి బుడగలు బయటికి వచ్చాయన్నాడు. ఆ బుడగలు నా ముందు ఎన్నిసార్లు వచ్చి ఉంటాయో! జవాబు ముందే తెలుసనుకున్నాను కాబట్టి ఒక్కసారీ చూడలేదు.

మర్నాడు అదే గ్లాసు కింద మూడు కొవ్వొత్తులు పెట్టాం. గ్లాసులో పట్టే గాలి అంతే, ఆక్సిజనూ అంతే. నీళ్లు మాత్రం ఇంకా పైకి ఎక్కాయి. మంట వేడికి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి పీడనం తగ్గుతుంది, బయటి గాలి నీటిని లోపలికి నెడుతుంది. ప్రధాన కారణం ఇదే. నిజానికి కొవ్వొత్తి ఆరేసరికి ఆక్సిజన్ 21 శాతం నుంచి సుమారు 16కు తగ్గుతుందే తప్ప అయిపోదు. పైగా మంట నుంచి కార్బన్ డయాక్సైడ్ వచ్చి చేరుతుంది.

పాఠశాల ప్రదర్శనల్లో అమ్మోనియం డైక్రోమేట్ అనే రసాయనాన్ని మండించి "అగ్నిపర్వతం" చేసి చప్పట్లు కొట్టించడం నాకు నచ్చదు. ఆ పదార్థం విషపూరితం, పిల్లలు దాన్ని మళ్లీ చేసి చూడలేరు. కొవ్వొత్తి అలా కాదు. 1860 డిసెంబరులో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే విజ్ఞాన సంస్థలో 69 ఏళ్ల శాస్త్రవేత్త మైకేల్ ఫారడే పిల్లల కోసం మొదలుపెట్టిన ఆరు ఉపన్యాసాలూ కొవ్వొత్తి చుట్టూనే తిరిగాయి. అప్పుడే ఆర్పిన వత్తికి రెండు మూడు అంగుళాల దూరంలో మంట పెడితే, మైనపు ఆవిరి వెంట నిప్పు పాకి వత్తి మళ్లీ వెలుగుతుందని ఆయన చూపించాడు. ఇది ఏ తరగతి గదిలోనైనా చేయవచ్చు.

మా తరగతిలో చర్చ మూడు కొవ్వొత్తులతో ముగియలేదు. "సార్, కారణం వేడే అయితే కొవ్వొత్తి ఎందుకు?" అని అడిగింది ఆ అమ్మాయే. వేడినీళ్లు తెప్పించాను. ఆమె గ్లాసును వాటితో తొలిపి, నీళ్లు పారబోసి, పళ్లెంలో బోర్లించింది. అందరం ముందుకు వంగి చూశాం. మంట లేదు, వత్తి లేదు. రంగు నీళ్లు గ్లాసులోకి ఎక్కడం మొదలుపెట్టాయి.