అప్‌గ్రేడ్ వద్దు మొర్రో అన్న లార్డుగారి కథ

మొన్న బీసెంట్ రోడ్డులో టీ తాగుతుంటే పక్కాయన అంటున్నాడు: "లండన్ లార్డులైనా మన ఎమ్మెల్యేల కొడుకులైనా ఒకటేనండీ, తండ్రి సీటు కొడుక్కి." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మన దగ్గర తండ్రి ఇప్పించేది పార్టీ టికెట్టు వరకే. ఆ తర్వాత ఎండలో తిరగాలి, చేతులు జోడించాలి. ఓడిపోయిన వారసులు ఎంతమంది లేరు! అక్కడ, 1999లో చాలామందిని ఇంటికి పంపేదాకా, సభలో కుర్చీయే పిత్రార్జితం. ఓటూ లేదు, ప్రచారమూ లేదు.

"అబ్బ, ఏం అదృష్టం!" అనుకుంటున్నారా? బ్రిటన్ లేబర్ పార్టీ నాయకుడు టోనీ బెన్ అలా అనుకోలేదు.

బెజవాడ స్టేషన్లో ఫ్రెండ్స్‌తో స్లీపర్ ఎక్కారనుకోండి. కిటికీ పక్క సీటు, పులిహోర పొట్లం విప్పారు. టీసీ వచ్చి "మీ నాన్నగారి వల్ల మీకు ఫస్ట్ ఏసీకి అప్‌గ్రేడ్ అయింది, లేవండి" అన్నాడు. వద్దంటే కుదరదట. పైగా ఈ జన్మలో మళ్లీ స్లీపర్ ఎక్కకూడదట!

స్లీపర్ అంటే జనం ఓట్లేసే హౌస్ ఆఫ్ కామన్స్. అసలు అధికారం అక్కడే. ఫస్ట్ ఏసీ అంటే హౌస్ ఆఫ్ లార్డ్స్. చల్లగా ఉంటుంది, కునుకు బాగా పడుతుంది.

టోనీ తండ్రి విలియం వెడ్జ్‌వుడ్ బెన్ మనకు కొత్తవాడేం కాదు, ఉప్పు సత్యాగ్రహం నాటికి లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి. లార్డ్స్‌లో లేబర్ పార్టీకి మనుషులు చాలక 1942లో ఆయన్ని వైకౌంట్‌ను చేశారు, అంటే తండ్రి తర్వాత కొడుక్కి వచ్చే లార్డు బిరుదు. పెద్దకొడుకు మైకేల్ చర్చిలో పాస్టర్ అవుదామనుకున్నాడు, బిరుదుతో అతనికి ఇబ్బంది లేదు. కానీ 1944లో వైమానిక దళంలో పనిచేస్తూ చనిపోయాడు. టికెట్ టోనీ పేరు మీదికి మారింది.

1950 నుంచి బ్రిస్టల్ సౌత్ ఈస్ట్ ఎంపీ టోనీ. 1960 నవంబర్ 17న తండ్రి పోయారు. కొడుకు ఉద్యోగమూ పోయింది. కర్మకాండ రోజుల్లోనే!

1961 మేలో ఉపఎన్నిక. అర్హత లేదని తెలిసీ నిలబడ్డాడు. బెన్‌కు 23,275 ఓట్లు, ప్రత్యర్థి మాల్కమ్ సెయింట్ క్లెయిర్‌కు 10,231. కోర్టు ఏం చేసిందో తెలుసా? గెలిచినవాడిని దించేసి బెర్తు ఆర్ఏసీ ఆయనకిచ్చింది! ఆ ఆర్ఏసీ ఆయన కూడా ఇంకో లార్డుగారి వారసుడే. రాసిపెట్టినా ఇంత బాగా కుదరదు.

చివరికి 1963 జులై 31న, బిరుదు వదులుకోవచ్చని చట్టం వచ్చింది. ఆ సాయంత్రం 6 గంటల 22 నిమిషాలకల్లా బెన్ వదిలేశాడు. బెన్ బిరుదు వదిలితే తప్పుకుంటానని ఇచ్చిన మాట ప్రకారం సెయింట్ క్లెయిర్ సీటు ఖాళీ చేశాడు. పెద్దమనిషే, ఒప్పుకోవాలి. ఆగస్టులో బెన్ మళ్లీ గెలిచాడు. అక్టోబర్‌లో అదే చట్టాన్ని పట్టుకుని ఎదుటి పార్టీ (కన్జర్వేటివ్) లార్డు ఎర్ల్ ఆఫ్ హోమ్ కూడా ఏసీ దిగాడు. ఎందుకు? ప్రధానమంత్రి కుర్చీ కోసం! తలుపు పగలగొట్టింది ఒకరు, దర్జాగా నడిచింది ఇంకొకరు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. బెన్ 1964లో పోస్ట్‌మాస్టర్ జనరల్, అంటే తపాలా మంత్రి, తర్వాత టెక్నాలజీ, పరిశ్రమలు, ఇంధన శాఖలు. 1981లో పార్టీ డిప్యూటీ లీడర్ పోటీలో డెనిస్ హీలీ చేతిలో ఒక్క శాతం లోపు తేడాతో ఓటమి. దానికి వేరే వీడియో కావాలి. 2001లో పార్లమెంటు వదిలాడు, 2014లో కన్నుమూశాడు.

ఆగండాగండి, చట్టంలో ఒక మెలిక ఉంది. వదులుకున్నా అది ఆ మనిషి బతికున్నంత వరకే, బిరుదు మాత్రం చావదు. 2014లో పెద్దకొడుకు స్టీఫెన్ మూడో వైకౌంట్ అయ్యాడు, 2021లో లార్డ్స్‌లో కూర్చున్నాడు. అదే ఏసీ బోగీ. ఈయన మాత్రం టీసీతో గొడవ పడలేదు.